ఉమ్మడి పొలం, ఒంటరి ఖర్చు

పంపకాల దావాల తీర్పులు చదివేవారికి చివరి పేజీలో ఒక వాక్యం తరచూ ఎదురవుతుంది: ఇరుపక్షాలూ దగ్గరి బంధువులు కాబట్టి ఎవరి ఖర్చులు వారే భరించుకోవాలి. వినడానికి దయగల మాట. తోబుట్టువుల మధ్య ఇంకో గాయం ఎందుకన్న పెద్దమనసు అందులో ఉంది. అయితే దావా నడిచినన్నేళ్లూ పొలం ఎవరి చేతిలో ఉంది, కౌలు ఎవరు తీసుకున్నారు, ఆ కౌలు డబ్బుతో ఎవరు ప్లీడరును పెట్టుకున్నారు అని అడిగితే ఆ దయ ఎటు మొగ్గిందో అర్థమవుతుంది. స్వాధీనంలో ఉన్న అన్న ఉమ్మడి ఆస్తి రాబడితోనే కేసు నడుపుతాడు. వాటా అడిగిన చెల్లెలు తన జీతంలోంచో, నగలు కుదువబెట్టో నడుపుతుంది. తీర్పులో ఇద్దరికీ సమానమైన వాటాలు రాస్తారు. ఆ తీర్పు దాకా రావడానికి ఇద్దరూ మోసిన బరువు సమానం కాదు.

వారసత్వ తగాదాల గురించి మనం రాసేదీ మాట్లాడేదీ ఎక్కువగా హక్కు గురించే. ఎవరికి ఎంత వస్తుంది, పెళ్లయిన కూతురికి వస్తుందా రాదా, ఇదే చర్చ. నా దృష్టిలో హిందూ కుటుంబాల మట్టుకు ఆ ప్రశ్న చాలావరకు తేలిపోయింది. తేలనిది ఖర్చు. చట్టం ఇచ్చిన వాటాను దావా ఖర్చు ఎలా వెనక్కి లాక్కుంటున్నదో చూడకుండా, ఆడపిల్లకు సమాన హక్కు వచ్చేసిందని సంతోషించడం తొందరపాటు.

హక్కు తేలిన క్రమం కొంత తెలిస్తేనే తక్కినది అర్థమవుతుంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, కూతురిని కూడా పుట్టుకతోనే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో భాగస్వామిని చేసింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమల్లోకి వచ్చినట్టు లెక్క. దేశంలో ఈ పని చేసిన మొదటి రాష్ట్రం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశే. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించలేదు. దాంతో పెళ్లి ఏ రోజు జరిగిందన్నదే పెద్ద వివాదమై, శుభలేఖలు కోర్టులో సాక్ష్యాలయ్యాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లి తేడాను తీసేసింది. మగవాళ్లు ఒప్పుకునేదాకా ఆడవాళ్లు కాపురముంటున్న ఇంటిలో వాటా అడగకూడదన్న పాత నిబంధననూ తొలగించింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అక్కరలేదా అన్నదానిపై 2015లో ఒకరకంగా, 2018లో ఇంకోరకంగా తీర్పులు వచ్చి గందరగోళం రేగింది. వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ముడి విప్పింది: హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదు. ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నామన్న వాదనకూ ఆ తీర్పు దాదాపుగా తలుపు మూసింది. పబ్లిక్ రికార్డుల బలం ఉంటే తప్ప దాన్ని నమ్మవద్దని చెప్పింది.

మరి ఇంకా దేనిమీద పోట్లాట? పిత్రార్జితంలో హక్కు తేలాక, తగువు స్వార్జితం మీదికి మళ్లింది. తండ్రి తన సొంత సంపాదనను వీలునామాతో ఎవరికైనా రాసుకోవచ్చు. అందుకని ప్రతివాదులు మొదట అనేమాట ఇది నాన్న స్వార్జితం అని, రెండోది వీలునామా ఉందని, మూడోది చెల్లికి పెళ్లిలోనే ఇవ్వాల్సింది ఇచ్చేశామని. పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. పెళ్లిలో నోటిమాటగా ఎకరమో అరెకరమో ఇచ్చి, రిజిస్టరు చేయించక, ముప్పయ్యేళ్ల తర్వాత ఆ భూమికి ధర రాగానే అదీ మాదేనంటారు. రిజిస్ట్రేషన్ లేని అటువంటి దానం హక్కుగా నిలవదు. అంటే ఇచ్చేశామన్న మాట అన్నకు వాదనగా పనికొస్తుంది, ఇచ్చిన భూమి మాత్రం చెల్లికి నిలబడదు. ఈ ఒక్క విషయంలో మన ఇళ్లలో జరిగినంత అన్యాయం మరెక్కడా జరగలేదని నాకనిపిస్తుంది.

కోర్టు గుమ్మంలో అడుగుపెట్టడానికి అయ్యే ఖర్చు మాత్రం తక్కువే. కోర్టు ఫీజుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం, వాది తానూ ఉమ్మడి స్వాధీనంలో ఉన్నానని చెబితే, వాటా విలువ లక్షలైనా కోట్లైనా ఏళ్ల తరబడి రెండు తెలుగు రాష్ట్రాల కోర్టుల్లోనూ కడుతూ వచ్చింది 200 రూపాయల స్థిరమైన ఫీజు. స్వాధీనం నుంచి వెళ్లగొట్టారని చెబితే మార్కెట్ విలువ మీద కట్టాలి. ప్రతి ప్లెయింటులోనూ ‘ఉమ్మడి స్వాధీనంలో ఉన్నాం’ అన్న వాక్యం కనబడేది ఇందుకే. ఇది మోసం కాదు. ఒక సహహక్కుదారు స్వాధీనం అందరి స్వాధీనం కిందే లెక్క అన్నది పాత న్యాయసూత్రం. స్పష్టంగా వెళ్లగొట్టినట్టు ప్లెయింటులోనే ఉంటే తప్ప ఎక్కువ ఫీజు అడగకూడదని నీలావతి కేసులో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. ఈసీలు తీయించాలి, పాత దస్తావేజుల నకళ్లు కావాలి, అడంగళ్లు, పహాణీలు కావాలి. వకాలతు, డ్రాఫ్టింగు, సమన్ల బత్తా ఉంటాయి. అమ్మకుండా ఆపే ఇంజంక్షన్ కోసం ఒక అర్జీ, దాని మీద ప్రతివాది కౌంటరు, ఓడినవాడి అప్పీలు. వీలునామా మీద సంతకం తండ్రిది కాదంటే చేతిరాత నిపుణుడి ఫీజు. సర్వేయరు, కొలతలకు వచ్చే అడ్వొకేట్ కమిషనరు. వీటన్నిటి వెనకా ఏ రసీదులోనూ కనబడని ఖర్చు ఒకటి ఉంది. బెంగళూరుకు చెందిన దక్ష్ సంస్థ 2016లో ప్రకటించిన సర్వే ప్రకారం సివిల్ కక్షిదారు ఒక వాయిదాకు వెళ్లి రావడానికి సగటున 497 రూపాయలు ఖర్చు పెడుతున్నాడు, ఆ రోజు పని పోవడంవల్ల మరో 844 రూపాయలు నష్టపోతున్నాడు. ప్లీడరు ఫీజు ఇందులో లేదు. ఆ సర్వేలోనే తేలిన ఇంకోమాట, సివిల్ కేసుల్లో మూడింట రెండు వంతులు భూమికీ ఆస్తికీ సంబంధించినవి. జడ్జిగారు సెలవులో ఉన్నా, ప్రతివాది ప్లీడరు వేరే కోర్టులో ఉన్నా, వాయిదా పడినా ఆ రోజు ఖర్చు ఖర్చే.

కాలం గడిచేకొద్దీ మనుషులూ పోతారు. కక్షిదారుల్లో ఒకరు చనిపోతే 90 రోజుల్లో వారి వారసులను కేసులోకి తేవాలి. లేకపోతే వారి మట్టుకు దావా రద్దయ్యే ప్రమాదం. నలుగురు తోబుట్టువుల మధ్య మొదలైన దావాలో పాతికేళ్లకు వారి పిల్లలు, కోడళ్లు, అల్లుళ్లు, మధ్యలో ప్లాటు కొన్న పరాయివాళ్లు కలిసి యాభైమంది అయిపోతారు. ఒక్కొక్కరికీ నోటీసు, ఒక్కొక్కరికీ చిరునామా. అందులో సగం చిరునామాలు ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు, డాలస్.

ఇంత చేసి గెలిస్తే వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ. ఎవరి వాటా ఎంతో అది చెబుతుంది, ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా ఎవరిదో చెప్పదు. కొలిచి విడదీసి ఇచ్చేది ఫైనల్ డిక్రీ. దానికి మళ్లీ అర్జీ, మళ్లీ కమిషనరు, కమిషనరు రిపోర్టు మీద అభ్యంతరాలు. ప్రిలిమినరీ డిక్రీ చేతికి రాగానే పని అయిపోయిందనుకుని ఇంటికి వెళ్లిపోయిన ఆడవాళ్లు ఎంతమందో. ప్రకాశం నుంచి ఆదిలాబాద్ దాకా ఏ కోర్టు ప్లీడరును అడిగినా అటువంటి కట్ట ఒకటి బీరువాలోంచి తీసి చూపిస్తారు. ఈ రెండంచెల ఏర్పాటు వల్ల ఒక మేలు కూడా జరగకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన గండూరి కోటేశ్వరమ్మ కేసులో 1999లో ప్రిలిమినరీ డిక్రీ అయింది. ఫైనల్ డిక్రీ కాకముందే 2005 సవరణ వచ్చింది. పంపకం ఇంకా పూర్తికాలేదు కాబట్టి కూతుళ్ల వాటాలు కొత్త చట్టం ప్రకారం మార్చాల్సిందేనని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. ఆలస్యం అక్కచెల్లెళ్లకు కలిసివచ్చిన అరుదైన సందర్భం అది. కానీ 1999 నాటి డిక్రీ మీద 2011లో కూడా వాటాల లెక్కే తేలుతున్నదంటే కాలవ్యవధి ఎంతటిదో గమనించండి.

రెండు దశల మధ్య గోడ అక్కరలేదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 2009లో శుభకరణ్ బుబ్నా కేసులో, ప్రిలిమినరీ డిక్రీ తర్వాత దావా ముగిసినట్టు కాదని, కోర్టే దాన్ని ముందుకు నడపాలని అంది. 2022లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇంకొంచెం గట్టిగా, ప్రత్యేక అర్జీ కోసం చూడకుండా ట్రయల్ కోర్టులే ఫైనల్ డిక్రీకి వాయిదా వేయాలని ఆదేశించింది. ఈ ఆదేశం ప్రతి మున్సిఫ్ కోర్టులోనూ నిజంగా అమలయితే కక్షిదారుకు ఒక విడత ప్లీడరు ఫీజు మిగులుతుంది. ఇంకొక చిక్కు కూడా చెప్పుకోవాలి. పంపకాల ఫైనల్ డిక్రీని స్టాంపు కాగితం మీద ఎక్కించాలి, ఆస్తి విలువను బట్టి ఆ స్టాంపు ఖర్చు. డబ్బు కుదిరాక ఎక్కిద్దాంలే అని చాలామంది ఊరుకుంటారు. అమలుకు ఉన్న పన్నెండేళ్ల గడువు మాత్రం స్టాంపు కాగితం ఇచ్చిన రోజు నుంచి కాక, డిక్రీ అయిన రోజు నుంచే నడుస్తుంది. గెలిచిన వాటా ఇలా గడువు దాటి చేజారడం అన్నిటికంటే కడుపు మండే సంగతి.

మొదటి ప్రశ్నకు తిరిగి వస్తే, ఈ కాలమంతా పంట ఎవరు తిన్నారు? స్వాధీనంలో ఉన్నవాడు తక్కినవారి వాటా రాబడికి లెక్క చెప్పాలన్నది కొత్త సిద్ధాంతం కాదు. బబ్బూరు బసవయ్య, గురవయ్యల కేసులో మద్రాసు హైకోర్టు పూర్తి ధర్మాసనం 1951లోనే, ప్రిలిమినరీ డిక్రీలో ఆ మాట లేకపోయినా, తుది పంపకం దాకా వచ్చిన రాబడిని తేల్చి ఇప్పించవచ్చని చెప్పింది. అది తెలుగు కుటుంబపు తగువే. డెబ్బయ్యేళ్లు దాటినా ఆ హక్కును అడిగేవారు తక్కువ, అడిగినా చివర్లో అడుగుతారు. చివర్లో వచ్చే డబ్బుతో మొదట్లో ప్లీడరును పెట్టుకోలేరు కదా. అంతదాకా రాబడి ఒకరికి, ఖర్చు ఇంకొకరికి. స్వాధీనంలో ఉన్నవారికి దావా ఎంత సాగితే అంత లాభం. వాళ్ల ప్లీడరు వాయిదా అడగడం సోమరితనం వల్ల కాదు, అదే వాళ్లకు అసలైన వాదన.

హైదరాబాద్ చరిత్రలోని రెండు వారసత్వ వ్యాజ్యాలను పక్కపక్కన పెడితే ఈ తేడా కళ్లకు కడుతుంది. పైగా వంశానికి చెందిన నవాబు ఖుర్షీద్ జా వదిలివెళ్లిన మత్రూకా (వారసత్వ) ఆస్తుల పంపకానికి హైకోర్టులో నడిచిన సి.ఎస్. 14/1958 దావా మొదటిది. 1963 జూన్ 28న ప్రిలిమినరీ డిక్రీ అయింది. ఆ తర్వాత వారసులు తమ వాటాలను బయటివారికి బదలాయించడం, కొన్నవారు మళ్లీ అమ్మడం, నగరం పెరిగి ఆ భూముల మీదికి రావడం, ఒక్కొక్క సర్వే నంబరు మీద వేరువేరు వ్యాజ్యాలు. 2023 జూన్‌లో కూడా సుప్రీంకోర్టు ఆ దావాలోంచి పుట్టిన వివాదాన్ని విచారించి, అందులో పక్షాలు కాని మూడోవ్యక్తుల హక్కులు ఆ డిక్రీతో తేలిపోవని చెప్పాల్సివచ్చింది. ప్రిలిమినరీ డిక్రీ నుంచి ఈ మాట దాకా అరవై ఏళ్లు. మొదటి కక్షిదారులకు దక్కిందెంత, వకీళ్లకూ దళారులకూ కొనుగోలుదారులకూ దక్కిందెంత అన్న లెక్క ఇక ఎవరూ తీయలేరు.

రెండోది లండన్‌లోని నిజాం నిధి. 1948 సెప్టెంబరులో నిజాం ఖాతా నుంచి పదిలక్షల పౌండ్ల పైచిలుకు సొమ్ము అప్పటి పాకిస్తాన్ హైకమిషనర్ రహీమ్‌తులా పేర బ్యాంకుకు బదిలీ అయింది. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ వ్యాజ్యాన్ని ఆపేయడంతో అది ఎవరూ తీసుకోలేని సొమ్మయి బ్యాంకులోనే ఉండిపోయింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పేనాటికి అది మూడున్నర కోట్ల పౌండ్లు. డెబ్బయ్యేళ్ల వ్యాజ్యంలో ఆస్తి కరగకపోగా పెరిగింది, ఎందుకంటే ఏ పక్షం చేతిలోనూ అది లేదు. డిసెంబరులో అదే కోర్టు, గెలిచిన భారత ప్రభుత్వానికీ నిజాం మనవలిద్దరికీ అయిన లాయర్ల ఖర్చులో 65 శాతం పాకిస్తాన్ చెల్లించాలంది. భారత ప్రభుత్వపు పాలే దాదాపు 28 లక్షల పౌండ్లు. మిగతా వారసులు ఆ నిధి మీద వేరే వాదనలతో వచ్చారు, అది ఇంకో కథ. ఇక్కడ పనికొచ్చేవి రెండు విషయాలు: ఆస్తిని ఎవరి చేతికీ అందకుండా ఉంచడం, ఓడినవారితో నిజమైన ఖర్చు కట్టించడం.

మన చట్టంలో ఈ రెండూ లేవా అంటే ఉన్నాయి. ఓడినవాడు ఖర్చులు కట్టడమే సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ సాధారణ నియమం. డిక్రీలో రాసే ప్లీడరు ఫీజు మాత్రం ఫీజు రూల్స్ ప్రకారం లెక్కగట్టేది, కక్షిదారు నిజంగా ఇచ్చినదానికి ఎక్కడా చాలదు. అబద్ధపు వాదనకు విధించే పరిహార ఖర్చు గరిష్ఠంగా మూడువేల రూపాయలు. అన్నదమ్ముల మధ్య ఢిల్లీలో 1977లో మొదలైన ఒక ఇంటి తగాదాలో, వ్యాజ్యాన్ని కావాలని సాగదీసినందుకు 2011లో సుప్రీంకోర్టు రెండు లక్షలు ఖర్చుల కింద విధించింది. రామ్‌రామేశ్వరీ దేవి కేసు అది. నిజమైన ఖర్చు ఇప్పించాలని ఆ తీర్పులో వివరంగా చెప్పింది కూడా. కింది కోర్టుల పంపకాల డిక్రీల్లో ఆ స్ఫూర్తి ఎక్కడా కానరాదు.

ప్లీడర్ల ఫీజు గురించి సూటిగా మాట్లాడాలి. మండల కేంద్రాల్లో నిజాయితీగా పనిచేసి, కక్షిదారు ఎప్పుడో ఇచ్చే ఫీజు కోసం ఏళ్లు ఎదురుచూసే ప్లీడర్లు చాలామంది ఉన్నారు. వారి కష్టాన్ని తీసెయ్యను. కానీ భూమి ధర పెరిగినకొద్దీ, పనిని బట్టి కాక ఆస్తి విలువను బట్టి ఫీజు అడిగే అలవాటు పెరిగింది. గెలిస్తే ఇంత శాతం అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. తెలంగాణ నుంచి వెళ్లిన బి. సునీత కేసులో, ప్రమాద పరిహారంలో శాతం లెక్కన ఫీజు అడిగి చెక్కు తీసుకోవడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2017లో చెప్పి, చెక్కు బౌన్స్ కేసును కొట్టేసింది. పంపకాల దావాకూ ఇదే సూత్రం. ఫీజు బాకీ ఉందని కాగితాల కట్టను పట్టి ఉంచే హక్కు కూడా లాయరుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేలింది. ఈ రెండు సంగతులూ కోర్టు ఆవరణలో బోర్డు మీద రాసి పెట్టవలసినవి.

రాసి పెట్టవలసినది ఇంకొకటి ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, కోర్టు ఖర్చులూ భరిస్తారు. పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు కూడా అంతే. దావాలో బలం ఉందని తోస్తే చాలు. వాటా కోసం దావా వేయాలా వద్దా అని ఏళ్ల తరబడి నలిగిపోయే చెల్లెలు దగ్గర్లోని కోర్టులో ఉండే న్యాయసేవల కార్యాలయానికి వెళ్తే చాలు, లేదా 15100కు ఫోన్ చేస్తే చాలు. అలా కేటాయించే లాయర్లకు ప్రభుత్వం ఇచ్చే రుసుము తక్కువ, అందుచేత పని మీద శ్రద్ధ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఆ లోపాన్ని సరిచేయాలంటే వారి రుసుము పెంచాలి. ఆడపడుచుల పేర ప్రభుత్వాలు ప్రకటించే పథకాల్లో ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలమిచ్చేది నాకు తోచడం లేదు.

కోర్టుకు బయట తేల్చుకోవడం చవక అన్నమాట సగమే నిజం. పెద్దమనుషుల పంచాయితీలో రెండు పక్షాలతోనూ ధరావతు కట్టిస్తారు, కూర్చున్న పెద్దలు సాధారణంగా మగవాళ్లే, ‘నీకెందుకమ్మా, పుట్టింటి రాకపోకలు చెడగొట్టుకుంటావా’ అన్నదే చెల్లికి చెప్పే మొదటి మాట. హక్కు విడుదల దస్తావేజు మీద సంతకంతో అది ముగుస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, ఆ అవార్డుకు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. కుటుంబమంతా కూర్చుని పంచుకున్న ఏర్పాటును కోర్టులు ఆదరంగానే చూస్తాయి. జరిగిన పంపకాన్ని గుర్తుగా రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదని 1976లో కాలే కేసులో చెప్పారు. అయినా రిజిస్టరు చేయించుకోవడమే మేలని నేనంటాను, వినీతా శర్మ తీర్పు తర్వాత మరీను.

తగువే రాకుండా ముందే రాసిపెట్టే దారి ఒకటి ఉంది గానీ, తల్లిదండ్రులు బతికుండగానే రాసిచ్చేసి రోడ్డున పడ్డ ఉదంతాలు ఎక్కువ కావడంతో చాలామంది ఏదీ రాయకుండా వెళ్లిపోతున్నారు. వారికి 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కొంత ధైర్యం ఇస్తుంది. చూసుకోవాలన్న షరతుతో రాసిన దానపత్రాన్ని, చూసుకోకపోతే, ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. లాయరు లేకుండానే నడిచేలా ఆ ఏర్పాటు చేశారు. షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించడం మరిచిపోకూడదు.

విదేశాల్లో ఉన్న వారసులది వేరే ఖర్చు. అక్కడ రాసి పంపిన పవర్ ఆఫ్ అటార్నీకి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి, లేకపోతే జరిమానాలతో తలనొప్పి. డబ్బు ఉన్నా తిరగలేనివాళ్లు కాబట్టి వీళ్లు చాలాసార్లు చవకగా రాజీపడతారు.

చేయవలసిన మార్పు కొత్త చట్టమేమీ అడగదు. రిసీవరును నియమించే అధికారం కోడ్‌లో 40వ ఆర్డరు కింద ఉంది. సాగు చెడకుండా స్వాధీనంలో ఉన్నవాడినే రిసీవరుగా పెట్టి, ప్రతి పంటకూ లెక్క చెప్పి, తక్కిన వాటాదారుల భాగాన్ని కోర్టులో జమ చేయమనడం సాధ్యమే. అద్దెలు వచ్చే ఇళ్లకూ దుకాణాలకూ ఇది ఇంకా తేలిక. ఆ జమలోంచి రెండు పక్షాల వ్యాజ్యపు ఖర్చులకూ సమానంగా ఇప్పించవచ్చు. రాబడి ఆగిన రోజున వాయిదాల మీద మోజు తగ్గుతుంది, రాజీ మాటలు మొదలవుతాయి. అందుకే రిసీవరు కోసం వేసే అర్జీ దావా ముగింపులో వేసేది కాకూడదు. ప్లెయింటుతోపాటు, ఇంజంక్షన్ అర్జీ పక్కనే, మొదటి రోజే దాఖలు చేయమని ప్లీడరును అడగాలి.